ఎన్‌కర్సెస్ విండోలోకి స్ట్రింగ్ రాస్తే లైన్ మొత్తం బార్డర్‌తో సహా మాయమవుతోంది

మండీ_కోడ్
కర్నూలు మార్కెట్ యార్డులో మా మామకు ఉల్లి మండీ ఉంది. గుమాస్తా దగ్గర ఒక పాత డెస్క్‌టాప్ పడి ఉంటే దాంట్లో లినక్స్ వేశాను. ఆ రోజు వచ్చిన లాట్లు, రైతు ఊరు, బస్తాలు, క్వింటా రేటు ఒక టెర్మినల్ విండోలో కనబడేలా సీ లో ప్రోగ్రామ్ రాస్తున్నా. బ్రౌజర్ తెరిస్తేనే ఆయాసపడే మిషన్ అది, అందుకే ఎన్‌కర్సెస్ (టెర్మినల్‌లోనే విండోలు, రాతలు గీసే సీ లైబ్రరీ, కర్సెస్ రకం) పట్టుకున్నా. న్యూవిన్‌తో విండో చేసి, బాక్స్ గీసి, ఫైల్ నుంచి ఒక్కో లైన్ ఎఫ్‌గెట్స్‌తో చదివి ఎంవీడబ్ల్యూయాడ్‌స్టర్‌తో రెండో కాలమ్ నుంచి రాస్తున్నాను. లైన్ కనబడట్లేదు. పైగా ఆ వరుసలో ఎడమ గీత, కుడి గీత రెండూ పోతున్నాయి. పైగీత, కిందిగీత మాత్రం బాగానే ఉన్నాయి. అదే లైన్ బయట మామూలు ప్రింట్‌ఎఫ్‌తో ప్రింట్ చేస్తే శుభ్రంగా వస్తోంది. ఇది ఎవరికైనా ఎదురైందా? మామ రోజూ అడుగుతున్నాడు, టెన్షన్‌గా ఉంది.

బురుజు_కింద
డబ్ల్యూరిఫ్రెష్ (విండోలో రాసింది తెర మీదికి పంపే ఫంక్షన్) పెట్టలేదేమో చూడు. నూటికి తొంభై కేసుల్లో అదే.

మండీ_కోడ్
పెట్టాను అన్నా. కోడ్‌లోనే ఒక స్ట్రింగ్ రాసి అదే ఫంక్షన్‌కి ఇస్తే చక్కగా కనబడుతోంది, గీతలు కూడా చెక్కుచెదరలేదు. ఫైల్ నుంచి వచ్చిన లైన్లకే ఈ గొడవ.

దేవుని_కడప
కీ చదవడానికి గెట్‌చ్ వాడుతున్నావా? అది లోపల ఎస్‌టీడీఎస్సీఆర్‌ని, అంటే తెర మొత్తానికి ముందే ఉండే విండోని, రిఫ్రెష్ చేస్తుంది. నువ్వు విండో గీసిన తర్వాత అది వచ్చి పైన ఖాళీ తెర కప్పేస్తుంది. నాకు కాలేజీ ప్రాజెక్టులో ఒక రాత్రంతా దీంతోనే గడిచింది. డబ్ల్యూగెట్‌చ్‌కి నీ విండోనే ఇవ్వు, లేదా విండోలు చేయకముందే ఒకసారి ఖాళీగా రిఫ్రెష్ కొట్టు.

మండీ_కోడ్
రెండూ చేశాను. ఆ సమస్య అయితే విండో మొత్తం పోవాలి కదా. ఇక్కడ వరుసలు మాత్రమే పోతున్నాయి.

ఎస్కేప్_27
ఇంత తతంగం ఎందుకు, ఎస్కేప్ కోడ్లు వాడు. ఎస్కేప్ అక్షరం, చదరపు బ్రాకెట్, వరుస నంబర్, సెమీకోలన్, కాలమ్ నంబర్, పెద్ద హెచ్. కర్సర్ అక్కడికి పోతుంది, ప్రింట్‌ఎఫ్ కొట్టు, అయిపోయింది. 1978లో వచ్చిన వీటీ100 టెర్మినల్ నుంచి ఇవాళ్టి టెర్మినల్ దాకా అదే పని చేస్తోంది. లైబ్రరీ అక్కర్లేదు.

టర్బో_తాత
మేము కడపలో డిప్లొమా చదివినప్పుడు టర్బో సీ లో గోటూఎక్స్‌వై, సీప్రింట్‌ఎఫ్ ఈ రెండింటితోనే పెద్ద పెద్ద మెనూలు కట్టాం. రిఫ్రెష్ అనే మాటే లేదు. రాస్తే అప్పుడే తెర మీద ఉండేది. ఒక హెచ్చరిక మాత్రం చెప్తా బాబూ, అక్కడ ముందు ఎక్స్, తర్వాత వై, లెక్క 1 నుంచి. కర్సెస్‌లో ముందు వై, తర్వాత ఎక్స్, లెక్క 0 నుంచి. పాత అలవాటుతో వచ్చినవాళ్ళకు మొదటి వారం అంతా రాతలు అడ్డదిడ్డంగా పడతాయి.

సీమ_టెర్మినల్
తాత గారు చెప్పిన తేడా చాలా ముఖ్యం. ఎస్కేప్_27 చెప్పింది చిన్న ప్రోగ్రామ్‌కి సరిపోతుంది, ఇక్కడ సరిపోదు అంటాను. రోజంతా నడిచే బోర్డు, మధ్యలో గుమాస్తా కీ నొక్కుతాడు, విండో సైజు మారుస్తాడు, రేట్లు మారుతుంటాయి. ఎస్కేప్ కోడ్లతో చేస్తే ప్రతిసారీ ఏది మారిందో మనమే గుర్తుపెట్టుకోవాలి, లేదంటే తెర మొత్తం తుడిచి మళ్ళీ రాయాలి, అప్పుడు మినుకుమినుకు మంటుంది.

కర్సెస్‌లో యాడ్‌స్టర్ కుటుంబం (నువ్వు వాడిన ఎంవీడబ్ల్యూయాడ్‌స్టర్ లాంటి రాసే ఫంక్షన్లు) ఏదీ తెర మీద రాయదు. మెమరీలో ఉన్న విండో కాపీలో రాస్తుంది. రిఫ్రెష్ అన్నప్పుడు తెర మీద ఇప్పుడు ఏముందో, కాపీలో ఏముందో పోల్చి, మారిన గళ్ళు మాత్రమే టెర్మినల్‌కి పంపుతుంది. అందుకే కర్సెస్ నడుస్తుండగా మధ్యలో ప్రింట్‌ఎఫ్ కొట్టకూడదు, అది రాసింది కర్సెస్ లెక్కలో ఉండదు, తర్వాత ఎప్పుడు ఏది చెదిరిపోతుందో చెప్పలేం. డీబగ్ రాతలు కావాలంటే ఎస్‌టీడీఈఆర్ఆర్‌కి (తప్పుల సందేశాలు పోయే దారి) రాసి, ప్రోగ్రామ్ మొదలుపెట్టేటప్పుడే దాన్ని ఒక ఫైల్‌లోకి మళ్ళించు. ఇంకో టెర్మినల్‌లో ఆ ఫైల్‌ని టెయిల్‌తో చూసుకోవచ్చు.

పెన్నా_గట్టు
అందరూ రిఫ్రెష్ దగ్గరే తిరుగుతున్నారు. అసలు ప్రశ్న మళ్ళీ చదవండి, రెండు గీతలూ పోతున్నాయి అంటున్నాడు. ఎఫ్‌గెట్స్ లైన్ చివరి న్యూలైన్‌ని కూడా స్ట్రింగ్‌లోనే ఉంచుతుంది. డబ్ల్యూయాడ్‌స్టర్‌కి న్యూలైన్ తగిలితే కర్సర్ ఉన్న చోటి నుంచి ఆ వరుస చివరి దాకా తుడిచేసి, తర్వాతి వరుస మొదటికి పోతుంది. కుడి గీత దానివల్లే పోతోంది. మా ల్యాబ్‌లో ఏటా పిల్లలకు ఇదే జరుగుతుంది.

మండీ_కోడ్
మేడమ్, అలా అయితే కుడి గీత మాత్రమే పోవాలి కదా? రాసిన అక్షరాలు, ఎడమ గీత ఉండాలి. నాకు మొత్తం పోతోంది. ఇంకో వింత, ఫైల్‌లో చివరి లైన్ ఒక్కటే సరిగ్గా కనబడుతోంది, గీతలతో సహా. నిన్న చివర్లో ఉన్న ఎమ్మిగనూరు లాట్ కనబడింది. ఇవాళ దాని కింద ఇంకో లాట్ చేర్చగానే ఎమ్మిగనూరుది మాయం, కొత్తది ప్రత్యక్షం.

ఉగ్గాని_బజ్జి
ఎమ్మిగనూరు వాళ్ళు వింటే మండీ ముందు ధర్నా చేస్తారు, తొందరగా కనిపెట్టండి.

పెన్నా_గట్టు
చివరి లైన్ ఒక్కటే కనబడుతోందా! ఈ ముక్క ముందే చెప్పాల్సింది. ఆ ఫైల్ ఎక్కడ తయారవుతోంది నాయనా?

మండీ_కోడ్
మామ ఇంట్లో విండోస్ 7 ఉంది. నోట్‌ప్యాడ్‌లో టైప్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెస్తాడు.

సీమ_టెర్మినల్
దొరికింది. విండోస్‌లో లైన్ చివర రెండు అక్షరాలుంటాయి, ముందు క్యారేజ్ రిటర్న్, తర్వాత న్యూలైన్. లినక్స్‌లో ఎఫ్‌గెట్స్ రెండింటినీ అలాగే నీ స్ట్రింగ్‌లో పెడుతుంది. ఇప్పుడు డబ్ల్యూయాడ్‌స్టర్ ఏం చేస్తుందో వరుసగా చూడు. నీ అక్షరాలు రెండో కాలమ్ నుంచి రాసింది. తర్వాత క్యారేజ్ రిటర్న్ వచ్చింది, కర్సర్ అదే వరుసలో 0 కాలమ్‌కి పోయింది. తర్వాత న్యూలైన్ వచ్చింది, మేడమ్ చెప్పినట్టు కర్సర్ ఉన్న చోటి నుంచి వరుస చివరి దాకా తుడిచింది. కర్సర్ ఉన్నది 0 దగ్గర. అంటే ఎడమ గీత, నీ అక్షరాలు, కుడి గీత అన్నీ పోయాయి. చివరి లైన్ తర్వాత మామ ఎంటర్ కొట్టలేదు కాబట్టి ఆ రెండు అక్షరాలూ లేవు, అందుకే అది బతికింది.

బురుజు_కింద
అబ్బా, ఎంత బాగా కుదిరిందో చూడండి. లైబ్రరీ చెప్పిన పని చెప్పినట్టే చేసింది, లైన్ మాత్రం మాయం.

దేవుని_కడప
మరి ప్రింట్‌ఎఫ్‌తో ఎందుకు కనబడింది? అక్కడా అవే రెండు అక్షరాలు పోతాయి కదా.

సీమ_టెర్మినల్
పోతాయి, కానీ టెర్మినల్ న్యూలైన్‌కి ఏదీ తుడవదు, కర్సర్‌ని కిందికి దించుతుంది అంతే. తుడవడం కర్సెస్ పెట్టుకున్న నియమం. అందుకే ప్రింట్‌ఎఫ్‌తో వచ్చింది కాబట్టి డేటా బాగుంది అనే నిర్ధారణ ఇక్కడ పనికిరాదు. డేటా ఎలా ఉందో చూడాలంటే క్యాట్ కమాండ్‌కి పెద్ద ఏ ఆప్షన్ ఇవ్వు, లైన్ చివర డాలర్‌కి ముందు టోపీ గుర్తు, ఎం కనబడితే అదే క్యారేజ్ రిటర్న్.

మండీ_కోడ్
చూశాను, ప్రతి లైన్‌లో టోపీ ఎం డాలర్ ఉంది, చివరి దాంట్లో లేదు. స్టర్‌సీస్పాన్‌తో ఆ రెండింటిలో ఏది ముందు వస్తే అక్కడ సున్నా పెట్టి స్ట్రింగ్ ఆపేశాను. అన్ని లాట్లూ వచ్చాయి, గీతలూ వచ్చాయి! మేడమ్‌కి, సీమ అన్నకి చాలా థాంక్స్.

ఉగ్గాని_బజ్జి
ఎమ్మిగనూరు సేఫ్. ఇద్దరికీ ఉగ్గాని బజ్జి బాకీ రాసుకో.

ఎస్కేప్_27
డాస్‌టూయునిక్స్ అని ఒక కమాండ్ ఉంది, ఫైల్‌ని ఒకసారి దాంట్లోంచి పంపితే క్యారేజ్ రిటర్న్‌లన్నీ పోతాయి, వాటి కోసం కోడ్ మార్చే పని లేదు.

పెన్నా_గట్టు
ఒప్పుకోను. ఆ కమాండ్ ఎవరు కొడతారు? రోజూ పొద్దున్నే గుమాస్తా కొడతాడా? మర్చిపోయిన రోజు బోర్డు ఖాళీ. బయటి నుంచి వచ్చే ఫైల్ ఏ రూపంలో ఉన్నా తట్టుకునే బాధ్యత ప్రోగ్రామ్‌ది. స్టర్‌సీస్పాన్ ఒక్క లైన్ పని. పిల్లలకు నేను ఎప్పుడూ చెప్పేది, తెరకు పంపే స్ట్రింగ్‌లో కంట్రోల్ అక్షరం ఒక్కటి కూడా మిగలకూడదు. ట్యాబ్ కూడా అంతే. ట్యాబ్ వస్తే కర్సెస్ 8 కాలమ్‌ల లెక్కన తర్వాతి స్టాప్‌కి దూకుతుంది, నీ కాలమ్‌ల ప్లాన్ తప్పిపోతుంది. మిగతా కంట్రోల్ అక్షరాలు చాలావరకు టోపీ గుర్తుతో రెండు గళ్ళు ఆక్రమిస్తాయి.

గుత్తి_జంక్షన్
నాదో ప్రశ్న, ఇదే విండోలో పేరు మరీ పొడవైతే కుడి గీత మీదుగా పోయి కింది వరుస ఎడమ గీత మీద పడుతోంది. బాక్స్ అనేది హద్దు కాదా?

సీమ_టెర్మినల్
కాదు. బాక్స్ అంటే అదే విండోలో అంచు గళ్ళల్లో రాసిన అక్షరాలే. కర్సెస్‌కి అవి గీతలని తెలియదు, వాటి మీద నువ్వేం రాసినా రాయనిస్తుంది. దీనికి నేను ఎప్పుడూ చేసే పద్ధతి ఒకటుంది. బయట ఒక విండో, దానికి బాక్స్. లోపల డెర్‌విన్‌తో ఇంకో విండో, అన్ని వైపులా ఒక గడి తక్కువ. రాతలన్నీ లోపలి దాంట్లోనే. అప్పుడు స్ట్రింగ్ మడత పడినా లోపలే పడుతుంది, న్యూలైన్ తుడిచినా లోపలే తుడుస్తుంది, గీతల జోలికి పోదు. ఈ పద్ధతి ముందే ఉండి ఉంటే మండీ_కోడ్‌కి గీతలు పోయేవి కావు, కాకపోతే అక్షరాలు మాత్రం పోయేవి.

దేవుని_కడప
మడత అసలు వద్దనుకుంటే యాడ్‌సీహెచ్‌స్టర్ ఉంది, అది కుడి అంచు దగ్గర ఆగిపోతుంది, కర్సర్ కూడా కదలదు.

సీమ_టెర్మినల్
ఉంది గానీ దానికి మామూలు స్ట్రింగ్ ఇవ్వలేం, సీహెచ్‌టైప్ (అక్షరం, దాని రంగు లాంటి గుణాలు కలిపి ఉండే రకం) అర్రే కట్టాలి. పేర్లకు అంత పని ఎందుకు? యాడ్‌ఎన్‌స్టర్‌తో పొడవు కట్టేస్తే పోతుంది.

టర్బో_తాత
కుడి వైపు అట్టడుగు మూల గురించి కూడా చెప్పండి పిల్లలకు. ఆ చివరి గడిలో అక్షరం రాస్తే అది పడుతుంది, అయినా ఫంక్షన్ ఈఆర్ఆర్ (తప్పు జరిగిందనే సంకేతం) తిరిగి ఇస్తుంది. స్క్రోల్‌ఓకే (విండో పైకి జరగడానికి అనుమతి) వేయకపోతే తర్వాతి గడికి పోవడానికి చోటు లేదు కదా, అందుకు. మా అబ్బాయి ప్రతి రాతకూ ఈఆర్ఆర్ వస్తే ప్రోగ్రామ్ ఆపేలా రాశాడు, స్టేటస్ లైన్ చివరి గడి నిండగానే ప్రోగ్రామ్ ఆగిపోయేది. అక్షరం కనబడుతోంది, ప్రోగ్రామ్ తప్పంటోంది, ఇద్దరం తలలు పట్టుకున్నాం.

మండీ_కోడ్
ఇప్పుడు ఇంకోటి వచ్చింది, ఇది మరీ భయంగా ఉంది. ఒక లాట్ రేటు 1250 అని ఉండె. వేలంలో తగ్గి 980 అయింది. ఫైల్ మార్చాను, బోర్డు మీద 9800 అని వచ్చింది. పక్కనున్న రైతు చూసి ఉంటే ఏమనుకునేవాడో.

బురుజు_కింద
అయ్యో. క్వింటా ఉల్లి 9800 అంటే యార్డు యార్డంతా మీ మండీకే లాట్లు దింపుతుంది.

పెన్నా_గట్టు
నవ్వులాట పక్కన పెట్టి ఇది జాగ్రత్తగా చూడండి, అందరికీ పనికొచ్చే విషయం. యాడ్‌స్టర్ ఇచ్చిన అక్షరాలు మాత్రమే రాస్తుంది, పాతవి తుడవదు. నల్లబల్ల మీద 1250 ఉంటే చెరపకుండా దాని మీద 980 దిద్దినట్టే, చివరి 0 అలాగే మిగిలింది. కుడి వైపు సర్దుబాటు చేసి, ఎప్పుడూ ఒకే వెడల్పులో రాయి. ఎంవీడబ్ల్యూప్రింట్‌డబ్ల్యూలో శాతం గుర్తు, 6, డి అంటే ఎప్పుడూ 6 గళ్ళు నిండుతాయి, ముందు ఖాళీలు వస్తాయి. అంకెలకు ఇది తప్పనిసరి. డబ్బు లెక్కలు చూపే తెర మీద పాత అంకె మిగిలిపోవడం చిన్న విషయం కాదు.

దేవుని_కడప
లేదంటే ప్రతిసారీ డబ్ల్యూక్లియర్ కొట్టి మొత్తం మళ్ళీ రాయొచ్చు, సింపుల్.

సీమ_టెర్మినల్
డబ్ల్యూక్లియర్ వద్దు, డబ్ల్యూఎరేజ్ వాడండి. రెండూ విండోని ఖాళీ చేస్తాయి. కానీ డబ్ల్యూక్లియర్ తర్వాతి రిఫ్రెష్‌లో తెర మొత్తాన్ని మొదటి నుంచి గీయమని కూడా గుర్తు పెడుతుంది, అందుకే మినుకుతుంది. డబ్ల్యూఎరేజ్ తర్వాత అంతా మళ్ళీ రాసినా, పోల్చి చూసి మారిన గళ్ళే పంపుతుంది. డబ్ల్యూఎరేజ్ చేసి మొత్తం మళ్ళీ రాయడం నాకూ ఇష్టమే, కోడ్ తేలిగ్గా ఉంటుంది, పాత అంకెలు మిగిలే ప్రమాదమూ ఉండదు.

టర్బో_తాత
ఈ పోల్చి పంపడం ఎందుకు పుట్టిందో కూడా తెలుసుకోండి. కర్సెస్‌ని బర్కిలీలో కెన్ ఆర్నాల్డ్ రాశాడు, బిల్ జాయ్ వీఐ ఎడిటర్‌లో కర్సర్ కదిపే కోడ్ ఉండేది, దాని మీద కట్టాడు. ఆ కాలంలో 300 బాడ్ లైన్ మీద సెకనుకు 30 అక్షరాలు వచ్చేవి. 24 వరుసలు, 80 కాలమ్‌లు అంటే 1920 గళ్ళు, తెర నిండా గీయాలంటే 64 సెకన్లు. ఒక్క అంకె మారితే ఒక్క అంకే పంపాలన్న పట్టుదల అక్కడి నుంచి వచ్చింది. తర్వాత 1982లో పావెల్ కర్టిస్ పీకర్సెస్ రాశాడు, ఎన్‌కర్సెస్‌కి మూలం అదే. చాలా ఏళ్ళుగా థామస్ డికీ దాన్ని చూసుకుంటున్నాడు. ఒక మనిషి అన్నేళ్ళు ఒక లైబ్రరీని పట్టుకుని ఉండటం ఎంత గొప్ప సంగతో ఆలోచించండి.

గుత్తి_జంక్షన్
64 సెకన్లా! అనంతపురం టీ కొట్టులో టీ చెప్పి వచ్చేయొచ్చు.

హంద్రీ_నీవా
ప్రింట్‌డబ్ల్యూ మాట వచ్చింది కాబట్టి ఒకటి. పేరు లాంటి బయటి స్ట్రింగ్‌ని నేరుగా ప్రింట్‌డబ్ల్యూకి మొదటి ఆర్గ్యుమెంట్‌గా ఎప్పుడూ ఇవ్వొద్దు. మండీ ఫైల్‌లో ఎవరో కమీషన్ దగ్గర శాతం గుర్తు టైప్ చేస్తారు, ప్రింట్‌డబ్ల్యూ దాన్ని ఫార్మాట్ అనుకుని లేని ఆర్గ్యుమెంట్ కోసం వెతుకుతుంది, చెత్త రావొచ్చు, ప్రోగ్రామ్ పడిపోవచ్చు, భద్రతకూ చిల్లు. రాయాల్సింది ఉన్నదున్నట్టు స్ట్రింగ్ అయితే యాడ్‌స్టర్, అంకెలు కలిపి కూర్చాల్సి వస్తేనే ప్రింట్‌డబ్ల్యూ. జీసీసీ కంపైలర్‌లో ఫార్మాట్ సెక్యూరిటీ హెచ్చరిక ఆన్ చేసి పెట్టుకో, ఇలాంటివి పట్టిస్తుంది.

మండీ_కోడ్
అది మార్చాను. చివరి అడ్డంకి తెలుగు. ఊరి పేర్లు తెలుగులో పెట్టాలని నా పట్టు. మొదట చెత్త గుర్తులు వచ్చాయి, సెట్‌లొకేల్‌ని (భాష అమరిక చదివే ఫంక్షన్) ఇనిట్‌ఎస్సీఆర్ (కర్సెస్‌ని మొదలుపెట్టే ఫంక్షన్) కంటే ముందు పిలిచి, వైడ్ అక్షరాలు తెలిసిన ఎన్‌కర్సెస్‌డబ్ల్యూతో లింక్ చేశాక అక్షరాలు వచ్చాయి. కానీ కాలమ్‌లు వంకరగా ఉన్నాయి. శాతం, మైనస్ 20, ఎస్ పెట్టాను, అన్నీ 20 వెడల్పు రావాలి కదా?

హంద్రీ_నీవా
రాదు. ఆ 20 బైట్ల లెక్క. యూటీఎఫ్‌-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్ (యూనికోడ్‌లో విడి నంబర్ ఉన్న ఒక్కో గుర్తు) 3 బైట్లు. మన మూడు ఊళ్ళే తీసుకో.

కడప. మూడు కోడ్ పాయింట్లు, 9 బైట్లు, టెర్మినల్ మీద 3 గళ్ళు, కంటికి 3 అక్షరాలు. ఇంకా 11 ఖాళీలు చేర్చి 20 బైట్లు చేస్తుంది, అంటే తెర మీద 14 గళ్ళు.

అనంతపురం. సున్నాలు, కొమ్ము విడిగా లెక్క కాబట్టి 8 కోడ్ పాయింట్లు, 24 బైట్లు, కంటికి 5 అక్షరాలు. 20 దాటిపోయింది కాబట్టి ఒక్క ఖాళీ కూడా చేర్చదు. తెర మీద 8 గళ్ళు.

కర్నూలు. 7 కోడ్ పాయింట్లు, 21 బైట్లు. ఇందులో పొల్లు ఉంది, దాని వెడల్పు సున్నా. కొమ్ములకు మాత్రం జీలిబ్‌సీ (లినక్స్‌లో సీ లైబ్రరీ) లెక్కలో ఒక్కో గడి. మొత్తం 6 గళ్ళు, కంటికి కనబడేవి 3 అక్షరాలు.

అంటే స్టర్‌లెన్ చెప్పే బైట్ల లెక్క ఒకటి, కోడ్ పాయింట్లు ఒకటి, గళ్ళు ఒకటి, కంటికి కనబడేది ఇంకొకటి. కర్సెస్‌కి కావాల్సింది గళ్ళ లెక్క. ఎంబీఎస్‌టూడబ్ల్యూసీఎస్‌తో వైడ్ స్ట్రింగ్ చేసి డబ్ల్యూసీఎస్‌విడ్త్‌ని అడిగితే అది చెప్తుంది.

దేవుని_కడప
కడపకు మాత్రం కోడ్ పాయింట్లు, గళ్ళు, అక్షరాలు అన్నీ మూడే. చూశారా, మా ఊరు ఎక్కడా తేడా చేయదు.

ఉగ్గాని_బజ్జి
కర్నూలుకు మాత్రం మూడు అక్షరాలకు ఆరు గళ్ళు. బురుజు ఉన్న ఊరు, చోటు ఎక్కువ కావాలి మరి.

సీమ_టెర్మినల్
ఖాళీలు నింపి సర్దడమే మానేయ్. ఒక్కో కాలమ్ ఏ ఎక్స్ దగ్గర మొదలవ్వాలో నీకు తెలుసు. ప్రతి ముక్కకూ విడిగా ఎంవీడబ్ల్యూయాడ్‌స్టర్ పిలువు, ఊరికి ఒకటి, బస్తాలకు ఒకటి, రేటుకు ఒకటి. పేరు ఎంత పొడవున్నా రేటు దాని ఎక్స్ దగ్గరే మొదలవుతుంది. ఇందాక నేను చెప్పిన యాడ్‌ఎన్‌స్టర్‌కి కూడా తెలుగుతో ఒక షరతు ఉంది, దాని ఎన్ కూడా బైట్లే. 20 అంటే 6 కోడ్ పాయింట్లు పోను 2 బైట్లు మిగిలి, అక్షరం మధ్యలో తెగుతుంది. కత్తిరించాలంటే వైడ్ స్ట్రింగ్‌తో యాడ్‌ఎన్‌డబ్ల్యూస్టర్ వాడు.

హంద్రీ_నీవా
అదీ కోడ్ పాయింట్ల దగ్గర కోస్తుంది, పొల్లు దగ్గర తెగితే వత్తు ఊడిపోతుంది. ఆగిన చోట ముందు పొల్లు ఉందా, వెనక గుణింతం ఉందా అని చూసి ఒకటి రెండు వెనక్కి జరగాలి. ఇంకో సంగతి, గళ్ళ లెక్క సరిగ్గా వేసినా టెర్మినల్ తన పట్టికలో వేరే వెడల్పు పెట్టుకుని ఉంటే ఆ వరుసలో మిగతావి ఒకటి రెండు గళ్ళు పక్కకు జరుగుతాయి. టెర్మినల్ సాఫ్ట్‌వేర్ అన్నీ తెలుగు వత్తుల్ని ఒకేలా కలపవు. గ్రాఫిక్స్ లేని ఉత్త లినక్స్ కన్సోల్ అయితే ఆశ వదులుకో, దాని ఫాంట్‌లో 512 ఆకారాలకు మించి పట్టవు.

ఎస్కేప్_27
అందుకే చెప్తున్నా, ఊరి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టేయ్. గంటలో పని అయిపోతుంది.

మండీ_కోడ్
అన్నా, ఆ బోర్డు గుమాస్తా కోసమే అయితే పెట్టేసేవాడిని. రైతులు కౌంటర్ దగ్గరికి వచ్చి తమ లాట్ ఎక్కడుందో వెతుక్కుంటారు. వాళ్ళ ఊరు వాళ్ళు చదవగలిగేలా ఉండాలి. దాని కోసం ఇంకో వారం పట్టినా పర్లేదు.

పెన్నా_గట్టు
మండీ_కోడ్ అన్నదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. లెక్క చూపించేది ఎవరి సొమ్ముకో వాళ్ళు చదవగలగాలి.

టర్బో_తాత
ఒక ఉపాయం చెప్తా. అంకెల కాలమ్‌లన్నీ ఎడమ వైపు పెట్టు, లాట్ నంబర్, బస్తాలు, రేటు. తెలుగు పేరు అన్నిటికంటే కుడి వైపు, చివర్లో. ఆ వరుసకు కుడి గీత వద్దు. అప్పుడు టెర్మినల్ లెక్క ఎటు జరిగినా జరగడానికి కుడి వైపు ఏమీ లేదు. రేటు మాత్రం కదలదు.

హంద్రీ_నీవా
తాత గారూ, నేను ఇన్నాళ్ళూ విడ్త్ టేబుల్స్ తవ్వుతున్నాను, ఇది ఎందుకు తట్టలేదో. చాలా బాగుంది.

సీమ_టెర్మినల్
నాదీ అదే మాట. మండీ_కోడ్, అదే చెయ్యి.

మండీ_కోడ్
చేశాను. ఒకటే మిగిలింది, మొదటి లాట్ నంబర్ ఎప్పుడూ 0 అని వస్తోంది. ఫైల్‌లో 101 ఉంది. మిగతావి సరిగ్గా ఉన్నాయి.

హంద్రీ_నీవా
విండోస్ 7 నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్‌-8గా సేవ్ చేస్తే ఫైల్ మొదట్లో 3 బైట్లు బీఓఎం (ఎన్‌కోడింగ్‌ని సూచించే గుర్తు) పెడుతుంది. కంటికి కనబడదు. రాతను అంకెగా మార్చే ఏటూఐ దాన్ని చూసి అంకె కాదనుకుని 0 ఇస్తుంది. మొదటి లైన్ మొదటి మూడు బైట్లు ఈఎఫ్, బీబీ, బీఎఫ్ అయితే దాటేసి చదువు.

మండీ_కోడ్
101 వచ్చింది. సీజన్‌లో లాట్లు తెర ఎత్తు దాటితే?

సీమ_టెర్మినల్
న్యూప్యాడ్ చూడు. తెర కంటే పెద్ద విండో లాంటిది. యాడ్‌స్టర్ కుటుంబమంతా దాంట్లోనూ అలాగే రాస్తుంది, కానీ డబ్ల్యూరిఫ్రెష్ పని చేయదు, పీరిఫ్రెష్ వాడాలి, ప్యాడ్‌లో ఎక్కడి నుంచి చూపాలో, తెర మీద ఏ మూల నుంచి ఏ మూల దాకా చూపాలో అన్నీ ఇవ్వాలి. బాణం కీలతో మొదటి వై పెంచుతూ తగ్గిస్తూ పోతే పైకీ కిందికీ జరుగుతుంది. టెర్మినల్ సైజు మార్చినప్పుడు గెట్‌చ్ నుంచి కీ_రీసైజ్ వస్తుంది, అప్పుడు ఆ మూలల లెక్క మళ్ళీ వేసుకో.

గుత్తి_జంక్షన్
ప్రోగ్రామ్ మధ్యలో పడిపోతే టెర్మినల్‌లో టైప్ చేసింది కనబడదు, నాకు జరిగింది. గుమాస్తాకి అలా అయితే ఏం చేయాలి?

సీమ_టెర్మినల్
కంట్రోల్ సి నొక్కితే ఎన్‌కర్సెస్ తనే సర్దుకుని ఎండ్‌విన్ (టెర్మినల్‌ని మామూలు స్థితికి తెచ్చే ఫంక్షన్) చేసి పోతుంది. సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో పడిపోతే మాత్రం సర్దే దిక్కు ఉండదు. కనబడకపోయినా రీసెట్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టాలి, ఎంటర్ పనిచేయకపోతే కంట్రోల్ జె. గుమాస్తాకి ఇవన్నీ నేర్పేకంటే ప్రోగ్రామ్‌ని ఒక చిన్న షెల్ స్క్రిప్ట్‌లో పెట్టి, దాని తర్వాత లైన్‌లో రీసెట్ రాసి, మళ్ళీ మొదలుపెట్టేలా లూప్ వెయ్యి.

మండీ_కోడ్
స్క్రిప్ట్ రాశాను, పని చేస్తోంది. ప్యాడ్ ఈ రాత్రి మొదలుపెడతా. పీరిఫ్రెష్‌కి ఇచ్చే మూలలు తెర దాటితే ఏమవుతుంది, తనే కత్తిరిస్తుందా?

సీమ_టెర్మినల్
నమ్ముకోకు. లైన్స్, కాల్స్ (తెర వరుసలు, కాలమ్‌ల సంఖ్యలు) రెండింట్లోంచి 1 తీసేసి, అంతకంటే పెద్దది ఎప్పుడూ ఇవ్వకుండా నువ్వే చూసుకో. కుదరకపోతే ఆ ఫంక్షన్ పిలిచే లైన్ ఇక్కడ పెట్టు, చూద్దాం.